దయ్యం చెరిపిన సగం

ఎడిత్ మసింగ్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మలెకుల దీవిలో లేరు. పాఠం చెప్పినా కాలుకాలిన పిల్లిలా బడి వరండాలో తిరుగుతూనే చెప్పేది. పెళ్ళి కుదిరితే వద్దని రాజధాని పోర్ట్ విలా పోయింది. అక్కడ పత్రికాఫీసులో పని దొరికితే అదీ వద్దనుకుని తిరిగొచ్చి ఊళ్ళో టీచరైంది. ఆమె పెట్టెనిండా మొదలుపెట్టి వదిలేసిన కథలే. ముగింపు దగ్గరపడేసరికి ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది, లేచి ఎటో వెళ్ళిపోయేది. తనవల్ల కానిది పిల్లలచేత చేయించాలని పంతం పట్టింది. అదీ ఒక రకం పిచ్చే అనుకోండి.

శుక్రవారం మధ్యాహ్నం ఆరో తరగతి పిల్లల్ని బడి వెనక ఇసుకలోకి తోలుకెళ్ళేది. ముందు గళ్ళు గీసి, వాటి చుట్టూ వేలెత్తకుండా మెలికలు తిప్పుతూ బొమ్మ వేసేది. మెలికలముగ్గు వేసిన చేతికి ఆ పని తెలుస్తుంది. నోరు తెరుచుకున్న ఆడమనిషి, కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు. బొమ్మ పూర్తి కాగానే అరచేత్తో సగం చెరిపేసేది.

"పోయినవాళ్ళు నడిచే దారిలో, బండమీద ఒక దయ్యం కూర్చునుంటుందర్రా. ఇట్లాగే బొమ్మ గీసి సగం చెరిపేస్తుంది. ఆ సగం గీయగలిగినోళ్ళకి దారిస్తుంది. గీయలేనోళ్ళని తినేస్తుంది. ఊఁ, సగం కథ నాది, మిగతా సగం మీది. రాయండి!"

ఆమె పుట్టించిన కథ కాదది, తాతలనాటిదే. పిల్లలు వణుకుతూనే పేజీలకు పేజీలు నింపేవారు. వాళ్ళలో రోలీన్ అనే పిల్ల అందరికంటే బాగా రాసేది. తల్లులు మాత్రం గొణిగేవారు, పొద్దు వాలితే పిల్లలు పెరట్లోకైనా పోవడం లేదని. రోలీన్ తండ్రి తీతస్ చర్చి పెద్ద. ఎడిత్‌ను పసిపిల్లప్పటినుంచీ ఎరిగినవాడు. పిలిచి మందలించాడు కూడా. ఎడిత్ నవ్వేసి ఊరుకుంది.

అంతలో తీతస్ తల్లి మెరియన్ ముసలమ్మ పోయింది. ఖననమైన మర్నాడు ఉదయాన్నే తీతస్ ఇంటినుంచి ఎడిత్‌కు కబురొచ్చింది. వెళ్ళేసరికి మగవాళ్ళు కాలిన రాళ్ళమీద దుంపల పిండి ఆకుల్లో చుట్టి లాప్‌లాప్ ఉడికిస్తున్నారు, ఆడవాళ్ళు చాపలమీద కూర్చుని ఏడుస్తున్నారు. రోలీన్ ఓ మూల గోడకు ఆనుకుని ఉంది. ముందు పెట్టిన ఆకులో తిండి అట్లాగే ఉంది.

"నీ చదువు ఏం చేసిందో చూడు, ఎడితూ. ముద్ద ముట్టదు, కన్ను మూయదు," అన్నాడు తీతస్.

రోలీన్ తలెత్తింది. "టీచర్, మా నాయనమ్మకి ఇసుకబొమ్మ రాదు. చిన్నప్పుడు మిషన్ బళ్ళో గీస్తే చేతిమీద కొట్టేవాళ్ళంట. ఈపాటికి ఆ దయ్యం దగ్గరికి చేరుంటుంది. తినేస్తుందా?"

"నాయనమ్మ ప్రభువు దగ్గరికి పోయిందే, పిచ్చి మొహమా," అన్నాడు తండ్రి.

"దారిలో బండ ఉందిగా, నాన్నా."

ఎడిత్ ఆ పిల్ల దగ్గరికి నడిచింది. "అదంతా ఉత్త కథేనమ్మా."

"శుక్రవారం ఉత్త కథని చెప్పలేదుగా మరి!"

"ముగింపు నీ చేతిలోనే ఉంది, రోలీన్. నీకు నచ్చినట్టు రాసుకో."

"నాకు రావట్లా! బొమ్మ మీరు గీశారు. భయం మాకిచ్చారు. ఇప్పుడు నన్ను రాసుకోమంటారేంటి? మీరే చెప్పండి!"

ఎడిత్ చూపు గుమ్మం వైపు పోయింది. పారిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ పిల్లల నెత్తిన భయం పెట్టి, దాన్ని దించే పని కూడా వాళ్ళకే వదిలేసినందుకు సిగ్గేసింది. చాపమీద కూలబడింది. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఏడుపాపి చూశారు.

"మీ నాయనమ్మ బండ దగ్గరికెళ్ళింది," అంది. "దయ్యం బొమ్మ గీసి సగం చెరిపింది. నాయనమ్మ మోకాళ్ళమీద పడి, దారివ్వు తల్లీ అని బతిమాలింది..."

"మా నాయనమ్మ బతిమాలదు."

"మరేం చేస్తుంది?"

రోలీన్ తండ్రి వైపు చూసింది.

"తిడుతుంది," అన్నాడు తీతస్, గుంజకానుకుని నేలచూపులు చూస్తూ. "మా అమ్మ ఎవర్ని వదిలింది గనక!"

ఎడిత్ ఊపిరి పీల్చుకుంది. చేయి నడుముమీద పెట్టి, ముసలమ్మ కీచుగొంతు తెచ్చుకుంది.

"'ఏమే, నలుగురు నడిచే దారికడ్డంగా కూర్చుని ఇసకాటలేంటే నీకు? ఆ జుట్టేంటి, దువ్వెన దొరకలేదా? గీయడమెందుకు, చెరపడమెందుకు? పనీపాటా లేదూ? లే! లేచి ముందు ఊడ్చు!'"

చాపమీద ఎవరో కిసుక్కుమన్నారు.

"ఊడ్చిందా?" అంది రోలీన్.

"ఊడవక చస్తుందా! చీపురు తెచ్చి బొమ్మంతా ఊడ్చేసింది. దారి తప్ప ఏమీ మిగల్లేదు. మీ నాయనమ్మ, 'అంచులు సరిగ్గా ఊడవలేదు, దరిద్రపుదానా' అని సణుక్కుంటూ దాటెళ్ళిపోయింది."

రోలీన్ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే ఆకు దగ్గరికి లాక్కుని ఓ ముక్క తుంచుకుంది.

ఎడిత్ అలవాటు కొద్దీ లేవబోయింది. తల నెరిసిన ఆ చర్చి పెద్ద ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. అతని గడ్డం తడిసిపోయింది.

"కూర్చో ఎడితూ," అన్నాడు. "మా అమ్మచేత ఇంకోసారి తిట్టించు."