పూజలో కూర్చున్న కంప్యూటర్

మా అత్తగారు అన్నపూర్ణేశ్వరికి కంప్యూటర్ అంటే పుస్తకాల బీరువా. ఢిల్లీ ద్వారకలో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో, పాత తెలుగు పుస్తకాలు దించుకుని చదవడం నేనే నేర్పాను, నా ఖర్మ కాలి. చూపు మందగిస్తున్న మనిషికి అక్షరం కావలసినంత పెద్దదవుతుంటే ఇంకేం కావాలి? పొయ్యి మీద కూర మాడినా లేచేది కాదు.

ఆ ఏడు మహర్నవమి పొద్దున్నే కంప్యూటర్‌కు బొట్లు పెట్టి, దండ వేసి, పూజలో కూర్చోబెట్టింది. పూజలో పెట్టిన పుస్తకం మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా తెరవకూడదు. అందులో ఉన్నవీ పుస్తకాలే కాబట్టి దానికీ అదే నియమమట.

మధ్యాహ్నం చెన్నకేశవులు రొప్పుతూ వచ్చాడు. వసంత్ కుంజ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న కందుకూరు కుర్రాడు. వాడికిదే ఆఖరి అవకాశం. ఢిల్లీలో ఎక్కడా దొరకని తెలుగు విమర్శ పుస్తకాన్ని ముందురోజే మా కంప్యూటర్‌లోంచి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకెళ్ళాడు. సాయంత్రం హైదరాబాద్ రైలు. దారిలో అది చదువుకుని, దసరా మర్నాడు అక్కడ తెలుగు సాహిత్యం పరీక్ష రాయాలి.

"ప్రింట్ షాపులో తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే ఆంటీ. తెలుగు అక్షరాల ఫాంటు ఎక్కించుకోవడం మర్చిపోయా. షాపు భయ్యా కాసేపట్లో మూసేస్తాడంట."

నాకు ఒళ్ళు మండింది. "పెళ్ళికెళ్తూ తాళి మర్చిపోయినట్టుంది నీ తెలివి," అంటూ స్విచ్ వైపు నడిచాను.

"ఆగు సుభాషిణీ, పూజలో ఉంది," అంది అత్తయ్య.

"ఒక్క నిమిషం పనండీ."

"తప్పు తప్పే. నేను మాత్రం పొద్దున్నించి చదివానా? కథ సగంలో ఆపి కూర్చున్నా."

"వాడి బతుకు అందులో ఉందత్తయ్యా."

"సరస్వతికి కోపమొస్తే మాత్రం బాగుపడతాడా?"

కేశవులు గడియారం చూసి, వంగి చెప్పులు తొడుక్కోసాగాడు. "ఠీక్ హై ఆంటీ. గుర్తున్నదే రాస్తా." అత్తయ్య మీద నాకు ఎప్పుడూ అంత కోపం రాలేదు.

"ఉండు నాయనా," అంది ఆవిడ. అక్షింతలు తీసి కంప్యూటర్ మీద చల్లి, ఆ బరువైన డబ్బాను రెండు చేతులతో కాస్త తూర్పుకు జరిపింది. మా ఇంట్లో అలా కదిపితే ఉద్వాసన అయినట్టే.

స్విచ్ వేశాను. తెర వెలగలేదు. మళ్ళీ వేశాను. ఊహూఁ.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "దోషమేదైనా ఉంటే నాకు తగలాలి తల్లీ, వాడికి కాదు," అంటూ పటం ముందు చేతులు జోడించింది. "వాడు గట్టెక్కేదాకా ఇందులో అక్షరం చదవను."

నేను బల్ల కిందికి దూరి చూస్తే, డబ్బా జరిపినప్పుడు వైరు ఊడింది, అంతే. ఫాంటు ఎక్కించుకుని వాడు పరుగెత్తాడు.

"వైరు ఊడితే దానికీ మొక్కేనా? కళ్ళున్నప్పుడే చదువుకోవాలి," అని ఎన్నిసార్లు పోరానో. వింటేగా. నెలలు గడిచాయి. ఆ కుర్చీ దుమ్ము తుడిచేది గానీ కూర్చునేది కాదు. ఎండలు ముదిరేసరికి కాఫీ గ్లాసు కోసం బల్ల తడమడం మొదలుపెట్టింది. నాకు భయం పట్టుకుంది.

వేసవిలో ఫలితాలొచ్చాయి. కేశవులు ఫోన్ చేసి మామ్మగారినే పిలవమన్నాడు. ఆవిడ విన్నది, ఫోన్ పెట్టేసింది, తిన్నగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. సగంలో ఆపిన కథ తెరిచాను.

చాలాసేపు తెరకేసి చూసింది.

"సుభాషిణీ, అక్షరం ఇంకాస్త పెద్దది చెయ్యమ్మా."

అప్పటికే ఒక్కో అక్షరం అరచెయ్యంత ఉంది.