వెర్డీని తిట్టిన ఎవరిస్తో

ఎవరిస్తో ఫెర్రగూతికి ఒకటే జబ్బు. ఒపెరా నడుస్తుండగా లేచి నిలబడి, మా ఊరి దాపులోనే పుట్టి ఆ పాటలు కట్టిన వెర్డీని తిట్టేవాడు. మా పార్మా ఊళ్లో కన్నతండ్రిని తిడితే సహించేవాళ్లు దొరుకుతారు గానీ, వెర్డీని తిడితే సహించే మనిషి ఇంకా పుట్టలేదు.

నా పేరు ఆర్జియా. థియేటర్ పైఅంతస్తు గ్యాలరీలో జనాన్ని కూర్చోబెట్టడం, మితిమీరితే గెంటడం నా ఉద్యోగం. కింద మెత్తటి కుర్చీల వాళ్లకి నగల గురించి తెలుసు, మా చౌక టిక్కెట్ల వాళ్లకి పాట గురించి తెలుసు. ఒక్క స్వరం జారిందా, ఈలలతో చంపేస్తారు. ఒక గాయకుడికైతే మర్నాడు హోటల్లో కాఫీ తెచ్చినవాడు కూడా ఈల వేసే కప్పు దించాడు.

అలాంటి చోట ఎవరిస్తో ఇంకో సంగీతకర్తని ఎత్తి వెర్డీని దించడానికి నోరు విప్పేవాడు. పగలు ఆయన పంది తొడలు ఎండబెట్టే కొట్లో పనిచేసేవాడు. సన్నటి ఎముక సూది గుచ్చి, వాసన చూసి, ఏది చెడబోతోందో చెప్పాలి. ముక్కు ఎంత మంచిదో నోరు అంత చెడ్డది.

"మాంటెవెర్డీ మూడొందల ఏళ్ల కిందటే చెప్పాల్సిందంతా చెప్పేశాడు! మీ వెర్డీ చేసిందేముంది, నాలుగు బాకాలు చేర్చాడు!" అనేవాడు ఒకరోజు.

"రొస్సీనీ బుద్ధిమంతుడు. ముప్పయ్యేడేళ్లకే ఒపెరాలు కట్టిపెట్టి తిండిమీద పడ్డాడు. మీవాడికి ఆపడమే తెలీదు!" ఇంకోరోజు.

"బెల్లీనీ రాగం ఏరులా పారేది. మీవాడిది గుర్రబ్బండి!"

అంతే. టోపీలు ఎగిరేవి, గొడుగులు లేచేవి. ఆయన కాలరు పట్టుకుని నేను వెనక మెట్లమీదికి ఈడ్చేదాన్ని. అలా పదకొండుసార్లు.

"నోరు మూసుక్కూచోలేవా, బాబాయ్?"

"టిక్కెట్టు ఒక్క చెవులకేనా ఇచ్చావు, ఆర్జియా?"

పందొమ్మిదివందల యాభై ఆరు చలికాలం. ఆదివారం మధ్యాహ్నం ఆట. నది అవతలి పేటలో బట్టలుతికే ఎల్వీరా కూతురు లీవియా మొదటిసారి పెద్దపాత్ర పాడుతోంది. ఎల్వీరా మా గ్యాలరీలోనే రెండో వరసలో కూర్చుంది. రెండంకాలు బ్రహ్మాండంగా పాడింది పిల్ల. మూడో అంకంలో, పైస్వరం అందుకోబోతుండగా గొంతు పగిలింది.

గ్యాలరీ అంతా ఒక్కసారి ముందుకు వంగింది. ఈల వేయడానికి బోలుగా ఉండే ఇంటి తాళంచెవులు జేబుల్లోంచి పెదాల దగ్గరికొచ్చాయి. ఎల్వీరా శాలువాలో ముఖం దాచుకుంది.

ఎవరిస్తో లేచాడు.

"వాగ్నర్ చెప్పులు మోయడానిక్కూడా పనికిరాడు మీ వెర్డీ!"

వాగ్నర్! వెర్డీకి పోటీగా నిలిచిన జర్మనీవాడు! కప్పు ఎగిరిపోయేంత గోల. కసాయి గాస్పరె బెంచీలమీంచి దూకుతూ వచ్చాడు. సంగీత నిర్వాహకుడు చేతిలోని పుల్ల కింద పెట్టి వాద్యాలు ఆపించేశాడు. లీవియా నీళ్లు తాగడం ఆ గందరగోళంలో నేనొక్కదాన్నే చూశాను. పన్నెండోసారి ఆయన్ని మెట్లమీదికి ఈడ్చి తలుపేశాను.

"సిగ్గులేదూ? ఆ పిల్ల బతుకు..."

"ష్! విను."

లోపల వాద్యాలు మళ్లీ మొదలయ్యాయి. ఆయన తలుపుకి చెవి ఆన్చాడు. లీవియా అదే చోటు నుంచి అందుకుంది. గొంతు మెల్లగా ఎక్కి, ఎక్కి, పైన నిలబడింది. ముసలాయన పెదాలు ప్రతి మాటకీ కదులుతున్నాయి, ఒక్కటీ తప్పకుండా. చప్పట్లకి తలుపు అదిరింది.

అప్పుడు వెలిగింది నాకు. ఒకసారి జలుబుతోనే పాడిన గాయకుడు. ఇంకోసారి పురిటి నీరసం తీరకుండానే పాడటానికొచ్చిన గాయని. ఎప్పుడు ఎవరి గొంతు తడబడ్డా ఈయన నోరు లేచేది!

"కావాలనే చేస్తున్నావా, బాబాయ్?"

"వాళ్లకి ఎవరిమీదో ఒకరిమీద కోపం రావాలి, అమ్మాయ్. నామీదైతే నష్టమేముంది? నేనేం పాడాలా, పెట్టాలా?" కళ్లు తుడుచుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. మంచివాణ్ణని తెలిసిందంటే నా తిట్టుకి విలువ పోతుంది."

"మరి వెర్డీ?"

ఆయన చర్చిలో తీసినట్టు టోపీ తీశాడు. "ఆయనేమీ అనుకోడులే. పాడేవాళ్ల కష్టం ఆయనకి తెలీదూ?"

ఆట అయ్యాక వెనకవాకిట్లో గాస్పరె చొక్కా చేతులు మడుస్తూ నిలబడ్డాడు, వెనక పాతికమంది. నేను ఎవరిస్తో చెయ్యి నా చేతిలోకి తీసుకుని బయటికి నడిచాను.

"ఆ ద్రోహితో నువ్వు కూడానా, ఆర్జియా?"

"నేను కూడా."

"అయితే తేల్చి చెప్పు! వెర్డీయా, వాగ్నరా?"

నేను పుట్టింది వెర్డీ పటం కిందున్న మంచంమీద. ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను.

"పుచ్చీనీ," అన్నాను. వెర్డీ తర్వాత వెర్డీ అంతటివాడని బయటి ఊళ్లవాళ్లు చెప్పుకునే పేరు అది.

గాస్పరె మడిచిన చొక్కా చెయ్యి జారి కిందికి దిగింది. వాళ్లు తేరుకునేలోపు మేమిద్దరం వీధి మలుపు తిరిగాం. ముసలాయన రొప్పుతూ, నవ్వుతూ, పరుగు ఆపకుండానే అన్నాడు:

"నువ్వు నాకంటే ఘోరం, అమ్మాయ్!"