మూడు మూలల పిక్

మా బావ కోట్లూ ప్యాంట్లూ కుట్టే టైలరు. ముప్పై రెండేళ్లుగా అదే మిషను, అదే స్టూలు. మాట్లాడేది బహు తక్కువ. మాట్లాడక తప్పని పరిస్థితి వస్తే గబుక్కున రెండు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటాడు. ఇక ఎవరేమడిగినా "ఊఁ" అనే జవాబు. అది అవునో కాదో ఆ సూదులకే తెలియాలి.

మా అక్క ఇందుకు పూర్తిగా విరుద్ధం. తపాలా ఆఫీసులో పార్సిళ్ల కౌంటరు ఆవిడది. రోజంతా మాటలే మాటలు, ఇంటికొచ్చాక కూడా ఆ ఊపు తగ్గదు. కొట్టు వెనకే ఇల్లు, మధ్యలో ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు. వంటింట్లోంచి అక్క చెబుతూ ఉంటుంది, ముందుగదిలో మిషను గడగడలాడుతూ ఉంటుంది.

"ఆ చప్పుడులో నా మాట ఒక్కటైనా మీ చెవిన పడిందా ఇన్నేళ్లలో?" అనేది అక్క.

"ఊఁ," అనేవాడు బావ.

నవ్వుతూనే అనేది కానీ, ఆ మాట వెనక కాస్త నిజమైన బాధ ఉందని నాకు తెలుసు. బావకు కూడా తెలుసునన్న సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది.

అక్క రిటైరవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం బావ కబురు పెట్టాడు. వెళ్లేసరికి మొహం ఇస్త్రీ చేయని చొక్కాలా ఉంది.

"ఒరే, మీ అక్క ఆఫీసులో వీడ్కోలు రోజున ఇంటివాళ్లెవరైనా లేచి నాలుగు ముక్కలు చెప్పాలటరా."

"చెప్పు మరి."

"నాలుగా? నాకు రెండో ముక్కకే నాలిక పిడచగట్టుకుపోతుంది. నువ్వు చెప్పకూడదూ? అబద్ధాలు నీకు అలవాటే కదా."

"మొగుణ్ణి కూర్చోబెట్టి తమ్ముడు లేస్తే ఏం బాగుంటుంది బావా? నీకేదో జబ్బనుకుంటారు."

బావ వీధివైపు ఓసారి చూసి, వేలాడదీసిన కోట్ల వరసలోకి చెయ్యి దూర్చి, కవరు తొడిగిన కోటొకదాన్ని కిందికి దించాడు. జిప్పు లాగితే లోపల గిటార్! ఐదు నెలలుగా అది అక్కడే, హ్యాంగరుకు వేలాడుతోందట. అక్క ఒకసారి దాన్ని తడిమి చూసి, "ఎవరండీ ఈ కస్టమరు, నడుం దగ్గర ఇంత లావున్నాడు? మా తమ్ముడా?" అని కూడా అందట.

"నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

సంగతేమిటంటే, అక్క ఇస్త్రీ చేసేటప్పుడు ఎప్పుడూ ఒకే పాట కూనిరాగం తీస్తుంది. ఆ రాగాన్ని వీడ్కోలు సభలో వాయిస్తానంటాడు బావ. "మాటలు నా వల్ల కాదురా. కానీ నేను విన్నానని దానికి తెలియాలి," అన్నాడు. అని వెంటనే సిగ్గుపడి, లేని సూదుల కోసం పెదాలు తడుముకున్నాడు.

వీధి చివర మేడమీద ఒకమ్మాయి గిటార్ నేర్పుతుంది. వయసులో బావకు సగం. ఈయన ఆమెను "టీచరమ్మా" అంటాడు, ఆమె ఈయనను "మాస్టారూ" అంటుంది. కింద నిలబడి వినేవాడికి ఎవరు ఎవరికి నేర్పుతున్నారో బోధపడదు. రాగం మొత్తం వచ్చేసింది. ఎడమచేయి తీగల మీద చక్కగా నడుస్తోంది. వచ్చిన చిక్కల్లా కుడిచేతిలోని పిక్‌తోనే.

పిక్ అంటే మరేం కాదు, తీగలు మీటడానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకునే చిన్న ప్లాస్టిక్ పలక. నీటిబొట్టు ఆకారంలో, బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దగా ఉంటుంది. సూదీ దారం, ఇస్త్రీ వేడీ కలిసి బావ వేళ్ల కొసలను అద్దాల్లా నున్నగా అరగదీశాయి. ఆ బొట్టు ఆ వేళ్లలో నిలవదు. సరిగ్గా పాట మూడో వరుసకొచ్చేసరికి గిరుక్కున తిరిగి, జారి, గిటార్ బొజ్జలోని రంధ్రంలో పడుతుంది. అప్పుడు గిటార్‌ను తలకిందులు చేసి, జల్లెడ ఆడించినట్టు ఆడించాలి. అది బయటికి రావడానికి పాట కన్నా ఎక్కువసేపు పడుతుంది.

బావ ఊరుకున్నాడా? సొంత వైద్యం మొదలుపెట్టాడు. కాలరు నిలబడటానికి లోపల దూర్చే ప్లాస్టిక్ పట్టీని కత్తిరించి పిక్ చేశాడు. అది మరీ పలచన. తీగకు తగలగానే వంగిపోయి, కిటికీలో ఇరుక్కున్న కాగితంలా ఫటఫటలాడింది. ఓవర్‌కోటు గుండీ పట్టుకుని చూశాడు. అది రూపాయి బిళ్లంత మందం. తలుపు తట్టినట్టు టక్కుటక్కుమంది.

టీచరమ్మ తల పట్టుకుంది. "మాస్టారూ, పలచనిదైతే తీగలన్నీ కలిపి వాయించడానికి హాయిగా ఉంటుంది. మందమైతే ఒక్కొక్క తీగా స్పష్టంగా పలుకుతుంది. మీకు మధ్యరకం సరిపోతుంది. ఇక సైజంటారా, అది చేతినిబట్టి. ఇదిగో, డబ్బాలో ఇన్ని ఉన్నాయి, పట్టుకుని చూడండి."

"కొలత లేకుండా ఎలా పట్టుకోనమ్మా?" అని బావ మెడలోని టేపు తీసి తన బొటనవేలు చుట్టూ, పొడవూ, వెడల్పూ కొలిచి, కొలతల పుస్తకంలో నా ప్యాంటు కొలతల కింద రాసుకున్నాడు. ఆ కొలతల ప్రకారం ఎంచిన పిక్ కూడా మూడో వరుసలో బొజ్జలో పడింది. తరవాత ఇంకోటి. అదీ పడింది.

వీడ్కోలు ఇంకా నాలుగు రోజులుందనగా నేను ప్యాంటు వదులు చేయించుకోవడానికి వెళ్లాను. టీచరమ్మ కూడా గిటార్ సంచికి జిప్పు వేయించుకోవడానికి వచ్చి కూర్చుంది. ఆడపిల్ల ఎదురుగా ఉందన్న జాలి కూడా లేకుండా బావ టేపు లాగి, "రెండంగుళాలు పెరిగావురా!" అని వీధికి వినపడేలా ప్రకటించాడు. నోట్లో సూదులుంటే ఊఁ తప్ప రాని మనిషికి, నా నడుము విషయంలో మాత్రం ఎక్కడలేని గొంతూ వస్తుంది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బావ మోకాళ్ల మీద కూర్చుని, కుట్టు విప్పిన నడుం పట్టీ మీద సుద్దబిళ్లతో గీతలు గీస్తున్నాడు.

"మాస్టారూ, కదలకండి!" అని అరిచింది టీచరమ్మ.

ఇద్దరం బిగుసుకుపోయాం. నా ప్యాంటు మీద పామో తేలో ఉందనుకున్నాను.

"చేతిలో ఏమిటది?"

"సుద్ద అమ్మా. గుర్తులు పెట్టుకునేది."

"అది జారదా?"

"ఇదెందుకు జారుతుంది?"

అడిగాక ఆయనే తన చేతివైపు చూసుకున్నాడు. టైలర్ల సుద్ద మూడు మూలల బిళ్ల. మూలలు గుండ్రంగా అరిగి, బొటనవేలు మొత్తం ఆనుకునేంత వెడల్పుగా ఉంటుంది. ముప్పై రెండేళ్లుగా రోజూ గంటల తరబడి బావ పట్టుకున్నది దాన్నే. టీచరమ్మ నా ప్యాంటును గాలికొదిలేసి మేడ మీదికి పరుగెత్తి, మూడు మూలల పెద్ద పిక్ ఒకటి, మధ్యరకం మందంలో, పట్టుకొచ్చింది. "ఇది చేతిలో తిరిగినా నష్టం లేదు మాస్టారూ. ఏ మూల ముందుకొచ్చినా ఒకటే."

బావ వాయించాడు. మూడో వరుస దాటింది. నాలుగోదీ దాటింది. పాట అయ్యేవరకు పిక్ చేతిలోనే ఉంది. నేను పట్టీ ఊడిన ప్యాంటును రెండు చేతులా పట్టుకున్న సంగతి మరిచి చప్పట్లు కొట్టబోయి మానుకున్నాను. నల్లది, ఎర్రది కూడా ఉన్నాయని టీచరమ్మ అంటే, బావ తెలుపే అడిగాడు. "నల్లకోటు మీదికి తెలుపే నప్పుతుందమ్మా." కొంప ముంచింది ఆ నప్పడమే.

ఆ రోజు రానే వచ్చింది. ఉత్తరాలు వేరుచేసే గదిలో బల్లలు గోడకు జరిపి, సంచులు మూలకు నెట్టి, కుర్చీలు వేశారు. బావ కొత్త కోటు తొడుక్కున్నాడు. దానికి గుండీలు ఎక్కడ రావాలో సుద్దతో గుర్తు పెట్టి కుట్టింది ఆ పొద్దున్నే. ఆఫీసరు మాట్లాడాడు, తూకం యంత్రం దగ్గర కూర్చునే ఆయన మాట్లాడాడు, తరవాత "ఇప్పుడు వారి భర్తగారు" అన్నారు. బావ గిటార్‌తో లేచాడు. అక్క చేతిలోని పూలగుచ్ఛం ఒళ్లో పడింది. "ఒరే, ఇదేమిట్రా?" అంది నాతో.

"ఊఁ," అన్నాను నేను.

బావ జేబులోంచి తెల్లటి బిళ్ల తీసి మీటాడు. ఖంగుమనాల్సిన తీగ తుస్సుమంది. మళ్లీ మీటాడు. నల్లకోటు మీద పిండి రాలింది. బావ పిలిస్తే వచ్చి నా పక్కన కూర్చున్న టీచరమ్మ, "అయ్యో, సుద్ద!" అని గొణుక్కుంది. అంతలోనే అది పుటుక్కున రెండు ముక్కలైంది.

బావ ముక్కవైపు చూశాడు. జేబులు వెతకడం మొదలుపెట్టాడు. సొంత కోటు కదా అని సరదాపడి ఆరు జేబులు పెట్టుకున్నాడు మహానుభావుడు! జేబు జేబుకూ ఒక తెల్ల చేతి గుర్తు. వెనక వరుసలో కిసుక్కుమన్నారు. అక్కకూ నవ్వాగలేదు. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఇక కుర్చీలో కూర్చుండిపోతాడేమో అనుకున్నాను. అక్కవైపు ఓసారి చూశాడు. కూర్చోలేదు. లోపలి జేబులో, అన్నిటికన్నా అడుగున, పిక్ దొరికింది.

వాయించాడు. రెండో వరుసకు అక్క నవ్వడం మానేసింది. మూడో వరుస నిలిచింది. ఆ తరవాత పాట మధ్యలో రాగం ఒక్కసారిగా ఎటో జారి, రెండు మెట్లు దాటేసి, గెంతి మళ్లీ దారిలో పడింది. పాట తెలిసిన ఆఫీసరు మొహం చిట్లించాడు.

"ఎన్నిసార్లు చెప్పినా అక్కడ దిద్దుకోరు," అంది టీచరమ్మ నా చెవిలో. "అది తప్పు మాస్టారూ అంటే, కాదమ్మా ఇలాగే, అంటారు."

అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చేతులు తీస్తే రెండూనూ. పాట అయ్యీ అవ్వగానే లేచి వెళ్లి, బావ కోటు మీది సుద్ద దులపడం మొదలుపెట్టింది. అది ఇంకా అంటుకుంటోంది.

"అక్కడ నాకు ముక్క గుర్తురాదండీ. అందుకే ఏదో ఊఁఊఁ అని దాటేస్తాను. దాన్ని కూడా వాయించారా?"

"ఊఁ," అన్నాడు బావ.

"తప్పు పాడుతున్నానని ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

బావ నోట్లో సూదులు లేవు. తప్పించుకునే దారీ లేదు. "అసలు పాట నాకెక్కడ తెలుసే? నేను విన్నది నీ దగ్గరే కదా," అన్నాడు.