లామినేషన్ చేయించిన కీపర్

గల్ఫ్‌లో ఉన్నప్పుడు మా అల్ మన్సూరా ఫ్లాటుకు నర్సింగ్ ప్రతి శుక్రవారం వచ్చేవాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. భవనాలకు ఇనప పరంజాలు కట్టే పని, మకాం మెసైమీర్ కార్మికుల క్యాంపులో. మా ఆయన సుధాకరరావు ఆడిటర్. ఈ ఇద్దరినీ కలిపింది చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డుల పిచ్చి. యాభైకి దగ్గరపడ్డ ఈ పిల్లలిద్దరూ నా డైనింగ్ టేబుల్‌ను ఆక్రమిస్తే, నేను సణుగుతూనే ఉప్మా చేసేదాన్ని.

నర్సింగ్ ఇంట్లో టీవీ ఉండేది కాదట. ఆటగాళ్ళ ముఖాలు కార్డుల్లోనే చూశాడు, ఆట రేడియోలో విన్నాడు. అయినా ఏ బౌలర్ చేయి ఎలా తిప్పేవాడో లేచి నిలబడి చూపించేవాడు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మా ఆయన దగ్గర లేనిది ఒక్క వికెట్‌కీపర్ కార్డే. కొద్ది మ్యాచులాడి మరుగునపడ్డ మనిషి. నర్సింగ్ దగ్గరుంది గానీ, ఎంత బతిమాలినా ఇచ్చేవాడు కాదు. ఊళ్ళో చేతులకు గోనెగుడ్డ చుట్టుకుని తనూ కీపింగ్ చేసేవాడట.

కంపెనీ పని అయిపోయి, ఇక ఇంటికి వెళ్ళిపోయే ముందు వచ్చిన శుక్రవారం, జేబులోంచి ఆ కార్డు తీశాడు.

“మీరే ఉంచుకోండి సార్. చెమటకు ఖరాబ్ కావద్దని లామినేషన్ చేయించిన. ఇగ నీళ్ళల్ల పడ్డా ఏం కాదు.”

క్యాంపులో విలువైన కాగితమేదైనా అలాగే దాస్తారు. పైగా మా ఆయన కార్డులన్నీ ప్లాస్టిక్ కవర్లలో ఉండటం చూశాడు. ఆ కవర్లు తీసేయొచ్చు, వేడికి అంటుకున్న ఈ పొర జన్మలో ఊడదు. సేకరించేవాళ్ళ లెక్కలో ఆ కార్డు చచ్చినట్టే. కార్డు మీద వేలిముద్ర పడితే నామీద ఇంతెత్తున లేచే మనిషి ఇప్పుడేమంటాడోనని ఆయన వైపు చూశాను.

మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇంత జాగ్రత్త నాకు తోచలేదు నర్సింగ్” అన్నాడు.

మర్నాడు నర్సింగ్‌ను సాగనంపడానికి విమానాశ్రయానికి బయలుదేరినవాళ్ళం మా వీధి టైపింగ్ సెంటర్ దగ్గర ఆగాం. తనకు ప్రాణమైన స్పిన్నర్ కార్డును మా ఆయన తన చేత్తోనే లామినేషన్ మిషన్లో పెట్టాడు. నాకు ఈ మొండి మనిషి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

విమానాశ్రయంలో ఆ కార్డు చేతిలో పెట్టగానే నర్సింగ్ గోటితో తట్టి చూసుకున్నాడు.

“గిప్పుడు మంచిగున్నది సార్. కీపరు, స్పిన్నరు ఇద్దరూ సల్లగుంటరు.”

మా ఆయన తలూపాడు. తిరుగుదారిలో ఆయన తాళాలు నా చేతికిస్తే, కారు నేనే నడిపాను.