మూత వేశానా

డోలొరెస్ వ్రోబెల్ మొదట ఆ ప్రయోగశాలకు వచ్చింది గాజుసామాను కడగడానికి. నలుగురిలో నోరు పెగలని ఆమెకు మైక్రోస్కోపు చీకటి గది బాగా నప్పింది. నల్ల పరదా వెనక కూర్చుని, లేజరు పడిన కణాలు ఆకుపచ్చగా మెరుస్తుంటే చూస్తూ మిల్వాకీ చలికాలాలెన్నో గడిపేసింది. లేజరు పడుతున్నకొద్దీ ఆ మెరుపు చెరిగిపోతుంది. అందుకే ముందు గిన్నె అంచున, ఎవరికీ అక్కర్లేని కణాల మీద చూపు కుదుర్చుకుని, ఆ తర్వాతే నడిమికి జరిగేది. అయినా ఆమెను భయం వదిలేది కాదు.

ఆ మధ్యాహ్నం గిన్నెలో కణాలను మెరిపించేది ఇమానీ రంగు. ఆ రసాయన శాస్త్రజ్ఞురాలు చలికాలమంతా కష్టపడి తయారుచేసిన రంగులో చివరి చుక్క అదే. గిన్నె నడిమిన ఒక కణం గుండ్రంగా బిగుసుకుని, రెండుగా చీలడానికి సిద్ధంగా ఉంది. దాన్నే ఫొటోలు తీయాలి.

డోలొరెస్ వెలుగును ఆపే లేజరు మూత తెరిచింది. కాసేపటికే అగ్నిప్రమాద గంట మోగింది. కాపలాదారు అందరినీ మంచులోకి తోలేశాడు.

బయట నిలబడ్డాక ఆమె వెనక్కి తిరిగి ప్రయోగశాల కిటికీలకేసి చూసింది. మూత వేశానా? చేతికి గుర్తులేదు.

"ఏంటి డాలీ, మొహం అలా పాలిపోయింది? కోటు మర్చిపోయావా?" అంది ఇమానీ.

"లేజరు మూత వేశానో లేదో గుర్తు రావట్లేదే."

ఇమానీ నవ్వు ఆగిపోయింది. "వెలుగు ఎక్కడుంది? మన కణం మీదా?"

"అంచునే ఉన్నానో, నడిమికి జరిగానో... అదీ తెలియట్లేదు."

ఇమానీ తన మఫ్లరు తీసి ఆమె మెడకు చుట్టింది. "మళ్ళీ పాప్‌కార్న్ మాడ్చి గంట మోగించింది పక్క ల్యాబు నీల్ గాడేనట. ముందు వాణ్ణి చంపుదాం. నీ సంగతి తర్వాత."

డోలొరెస్ నవ్వలేకపోయింది. గోడ అవతల ఆ వెలుగు రంగును కొరుక్కుతింటున్నట్టే ఉంది.

తలుపులు తెరిచాక పరుగున వెళ్ళి పరదా తీసింది. గిన్నె కింద నీలి వెలుగు; మూత తెరిచే ఉంది. ఆమె చెయ్యి దానంతటదే మూత వేసింది. ఇప్పుడు చూడాలంటే మళ్ళీ తెరవాలి.

"నువ్వు చూడు. నా వల్ల కాదు."

ఇమానీ మూత తెరిచి కన్ను ఆనించింది. "అంతా నలుపే, డాలీ."

 డోలొరెస్ గిన్నెను జరిపే చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పింది.

"ఆగు," అంది ఇమానీ. "పచ్చదనం వస్తోంది. చెరిగింది అంచు కణాలే. తిప్పు, ఇంకా తిప్పు... మన కణం ఉంది. ఇంకా చీలలేదు."

డోలొరెస్ వెంటనే మూత వేసింది.

"వేశాను," అంది పైకే.

"విన్నాను," అంది ఇమానీ.

ఆ రోజు నుంచి, గదిలో ఒక్కతే ఉన్నా, మూత వేసిన ప్రతిసారీ డోలొరెస్ ఆ మాట పైకి అంటూనే ఉంది.