ఐలేశం ముందరి పన్ను

మా అన్న దుర్గయ్య ఆలేరులో పండ్ల డాక్టర్. స్టేషన్ ఎదురుగా కిరాయి గది, ఒక చెక్క కుర్చీ, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు మిషన్, అదే ఆయన దవాఖాన. ఆయన పట్టకార్లు మా వంటింటి పొయ్యి మీద ఉడకబెట్టడం చెల్లెలినైన నా పని. పప్పు కుండ దించి ఆ గిన్నె ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. 

చాలా ఏళ్ళు అన్నకు తెలిసిన వైద్యం ఒక్కటే, పీకడం. నొప్పి అంటే పీకాడు, కదులుతోంది అంటే పీకాడు. జనానికీ అదే నచ్చేది. వచ్చిన బండిలోనే తిరిగి వెళ్ళిపోవచ్చు కదా. అలాంటి మనిషి ఒకసారి సికింద్రాబాద్‌లో పండ్ల డాక్టర్లకు ఏదో క్లాసు పెడుతున్నారని విని పోయి వచ్చాడు. లోపలి నరం కుళ్ళినా పన్నును దక్కించుకోవచ్చని అక్కడ ఒక ముసలి డాక్టర్ చెప్పాడట. వేరులోకి సన్నటి తీగ దించి కుళ్ళంతా తీసి, మందు దూది పెట్టి, కొన్నాళ్ళకోసారి దాన్ని మార్చి, వాసన పూర్తిగా పోయాక గట్టిగా మూసెయ్యాలి. అంతే, ఆ రోజు నుంచి మా అన్నకు నిద్ర లేదు. "ఎన్ని మంచి పండ్లు పీకి పారేసిన్నే చెల్లె!" అంటూ ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "పీకించుకున్నోళ్ళు మంచిగనే తిని పంటున్నరు. నీకెందుకే ఫికర్?" అన్నాను.

వింటేనా? శుక్రవారం శుక్రవారం రైలెక్కి ఆ క్లాసుకు పోవడం మొదలుపెట్టాడు. అది రజాకార్ల కాలం. రైల్లో సంచులు విప్పి చూసేవాళ్ళు, జవాబు నచ్చకపోతే కిందికి దింపేవాళ్ళు. ఆయన సాయంత్రం ఇంటి గడప తొక్కేదాకా నాకు ముద్ద దిగేది కాదు. ఊళ్ళోవాళ్ళ నవ్వులు వేరే. "ఇంక బడికి పొయ్యే డాక్టర్ ముంగట నోరెట్ల తెరుస్తమే?" అని నా మొహం మీదే అడిగేవారు. కుర్చీ ఖాళీగా పడి ఉండేది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని నేనూ దెప్పాను.

పోలీసు చర్య జరిగింది. రజాకార్ల పీడ వదిలింది అనుకున్నాం. అనుకున్నంత సేపు పట్టలేదు, దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంఘపోళ్ళ కోసం మిలిటరీ ఊళ్ళలోకి దిగింది. అలాంటి రోజుల్లో వచ్చాడు ఐలేశం.

ఐలేశం పక్క ఊళ్ళో సన్నాయి వాయించేవాడు. పెళ్ళిళ్ళకు వాయించేవాడు, సంఘం మీటింగులకూ వాయించేవాడు. అందుకే ఒక రజాకార్ తుపాకి మడమతో మూతి మీద కొట్టాడు. ముందరి పన్ను నల్లబడి చిగుళ్ళలో చీము పట్టింది. అందరూ పీకించుకొమ్మనేవాళ్ళే. పీకితే సందులోంచి గాలి పోతుంది, సన్నాయి పలకదు.

"గీ పన్ను పోతె నా బతుకే పోయినట్టు, డాక్టర్ సాబ్," అన్నాడు కుర్చీలో కూర్చుని.

"పీకను. గని ఒక్కపారితోని అయ్యేది కాదు. మళ్ళ మళ్ళ రావాలె. నడుమ మానేస్తివా, మొదటికే మోసం."

"వస్త. మాట మాటే."

అన్న కొత్త చదువుతో పట్టిన మొదటి పన్ను అది. లోపల శుభ్రం చేసి, మందు దూది పెట్టి, పైన మైనంతో కప్పి పంపాడు. మళ్ళీ రావాల్సిన రోజు పొద్దున్నే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఐలేశం రాలేదు. ఆయన పెండ్లాం అండాలు నడిచి వచ్చింది.

"నిన్న మిలిటరోళ్ళు పట్టుకపోయిండ్రు. మా ఊరి దొర గడీలనే పెట్టిండ్రు. మాట తప్పుతున్నని డాక్టర్ సాబ్‌కు జెప్పుమన్నడు," అని మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

ప్రాణం మీదికి వచ్చిన మనిషి పంటి సంగతి కబురు పెట్టాడంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్న మాత్రం, "దూది మార్చకపోతె చీము దవడకెక్కుతది," అంటూ సంచి సర్దుకున్నాడు.

"అన్నా, ఆడ మనుషులనే కాల్చి పారేస్తుంటే నువ్వు దూది మారుస్తవా?" అని అడ్డం నిలబడ్డాను. "పొయ్యి మీద నీళ్ళు పెట్టు," అన్నాడు. పెట్టాను. సగం నీళ్ళు పొయ్యిలోనే పోశాను.

గడీలో జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. ఐలేశం వీపు చూడలేనట్టుగా ఉందట. మూతి జోలికి ఇంకా పోలేదు. సంఘపోళ్ళ దళం జాడ చెప్పకపోతే రేపు దాని వంతు అన్నారట. "రేపు బతికి ఉంటాడో లేదో తెలియని వాడికి పన్నెందుకయ్యా?" అని ఆఫీసరు నవ్వాడట. అబద్ధం ఆడే తెలివి మా అన్నకు ఎన్నడూ లేదు. ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

"సాబ్, ఆ పన్ను తెరిచి ఉన్నది. ఇప్పుడు మొఖం మీద దెబ్బ పడ్డదంటే దవడ బిగుసుకుంటది. నోరు తెరవలేడు, మీకు మాట చెప్పలేడు. నయమయ్యేదాంక నేను వస్త. అప్పటిదాంక ముట్టొద్దు," అన్నాడట.

ఆఫీసరు సరేనన్నాడు. అప్పటి నుంచి అన్న దినం తప్పించి దినం గడీకి పోయాడు. క్లాసు మానేశాడు. పోయిన ప్రతిసారీ మైనం తీసి, కడిగి, కొత్త దూది పెట్టి, "ఇంకా వాసన ఉంది సాబ్" అని చెప్పి వచ్చేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఉండేవాడు. బయట లారీ చప్పుడైతే లేచి నిలబడేవాడు. 

ఒకరోజు సంచి కడుగుతుంటే ఆయన మార్చి తెచ్చిన దూది చేతికి తగిలింది. కుళ్ళు వాసన నాకు కొత్త కాదు. ఆ దూదికి మందులోని లవంగం వాసన తప్ప ఏమీ లేదు.

"ఇది నయమై ఎన్ని దినాలైంది?" అని నిలదీశాను.

"ఎప్పుడో అయ్యింది."

"మరి మూసెయ్యవేందే?"

"మూస్తె నేను పొయ్యే పనుండది. నేను పోకుంటె వాళ్ళు ఆగరు."

"గట్ల తెరిచే పెడితె?"

 అన్న చేతులు కడుక్కుని బయటికి పోయాడు. ఊరికే తెరుస్తూ పోతే లోపల మళ్ళీ చెడుతుందని, అప్పుడు పన్ను దక్కదని ఆ ముసలి డాక్టర్ చెప్పింది తెచ్చి నాకు వినిపించింది ఈయనే. ఎన్ని తిట్లు తిట్టాను ఆయన చదువును!  ఆ రోజు మాత్రం నేనే పొయ్యి మీది కుండ దించి పట్టకార్ల గిన్నె పెట్టాను.

తర్వాత ఒక పొద్దు అన్న పోయేసరికి గడీ ఖాళీగా ఉంది. పట్టుకున్నవాళ్ళందరినీ లారీలో నల్లగొండ జైలుకు తోలారు. లారీలో ఐలేశం కూర్చుని ఉండడం అండాలు కళ్ళారా చూసింది. ఆ మాట విని అన్న రోగుల కుర్చీలో కూలబడ్డాడు.

"బతికిండు," అన్నాడు. కాసేపటికి, "దూదితోనే పంపిన. మూయలే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పోరాటం ఆగిపోయాక జైళ్ళ నుంచి ఒక్కొక్కరే వస్తున్నారని విన్నాం. ఐలేశం కూడా వచ్చాడు. తల నెరిసింది. నవ్వితే ముందర పెద్ద సందు. జైల్లో మొహం వాచిందట, అక్కడి డాక్టర్ పీకేశాడట. అన్న ఆ సందు వైపు చూడలేక డ్రిల్లు మిషన్‌కు నూనె వేస్తూ నిలబడ్డాడు.  

"సన్నాయి ఎట్లనే?" అని నేనే అడిగేశాను.

"తమ్ముడు వాయిస్తుండు. నేను డోలు గొడుతున్న," అంటూ ఐలేశం తనంతట తానే వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. సందు పక్కనున్న పన్ను మీద వేలు పెట్టి, "గిది గూడ సలుపుతాంది. గిది దక్కాలె," అన్నాడు.

అన్న వంగి చూశాడు. "దక్కుతది. గని మళ్ళ మళ్ళ రావాలె..." అన్నాడు.

"వస్త గని, గీపారి జర జల్ది మూసెయ్యి డాక్టర్ సాబ్," అన్నాడు ఐలేశం. "ఇప్పుడు నన్ను కొట్టెటోడు ఎవ్వడు లేడు."