సున్నా అక్క కళ్లజోడు

పుస్తకాల అట్టలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఆమెను అందరూ సున్నా అక్క అంటారు. అట్ట వెనక ఉండే పదమూడు అంకెల పుస్తక సంఖ్యను సరిచూడటం ఆమె పని. కొప్పులోంచి పెన్సిలు తీసి, అంకెల్ని వరసగా ఒకదాన్ని ఒకటితో, తర్వాతిదాన్ని మూడుతో గుణిస్తూ, పెదవులు కదుపుతూ కూడుతుంది. మొత్తం చివర సున్నా రావాలి. ఆమె కళ్లజోడు నుదుటి మీదికి నెట్టిందంటే మిషను నడపమని అర్థం. ఆ రోజు ఒక పంతులమ్మ మొదటి పుస్తకానికి మూడు వేల అట్టలు వేయాలి. సున్నా వచ్చింది, కళ్లజోడు మాత్రం ముక్కు మీదే ఉంది. పంతులమ్మ నంబరు రాసి పంపిన కాగితం పక్కన పెట్టుకుని, అక్క ఒక్కో అంకె మీద వేలు జరుపుతోంది.

"సున్నా వచ్చిందిగా అక్కా! ఇంకా ఏం వెతుకుతున్నావ్, పేలా?" అన్నాడు మిషను నడిపే అతను.

"దొరికింది తమ్ముడూ! ఇరవై ఏడు ఉండాల్సిన చోట డెబ్బై రెండు పడింది. అయిదు తేడా ఉన్న అంకెలు పక్కపక్కనే చోటు మారితే మొత్తంలో సరిగ్గా పదే తేడా వస్తుంది. చివర సున్నా అలాగే ఉంటుంది. ఈ నంబరుతో అడిగితే పాపం ఆవిడ పుస్తకం ఏ కొట్లోనూ దొరకదు."

అతను మీట మీంచి చెయ్యి తీసేశాడు. దిద్దిన అట్ట రాగానే తనే కాగితం అందుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కో అంకె గట్టిగా చదివాడు. పదమూడో అంకె దగ్గర ఆగి తలెత్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కింది.